తలకిందులుగా చదివిన కథ: ఆరిపోయే చుక్కలు, వాటి చుట్టూ వాయువు

చాలా రోజులుగా రాయాలనుకుంటూ వాయిదా వేస్తూ వచ్చిన విషయమిది. చుక్కలు పుట్టడం గురించి తెలుగులో అడపాదడపా వ్యాసాలు వస్తూనే ఉంటాయి. పెద్ద చుక్కలు పేలిపోవడం గురించీ, కృష్ణబిలాల గురించీ ఇంకా ఎక్కువగా వస్తాయి. మన సూర్యుడి వంటి మామూలు చుక్క ఎలా పోతుందన్న సంగతి మాత్రం సాధారణంగా ఒకే ఒక్క వాక్యంలో ముగిసిపోతుంది: ఉబ్బుతుంది, పై పొరలు విడిచిపెడుతుంది, మిగిలినది కుంచించుకుపోయి చల్లారుతుంది. "పై పొరలు విడిచిపెడుతుంది" అన్న ఆ మూడు మాటల వెనుక రెండున్నర శతాబ్దాల చరిత్ర ఉంది. ఆ వాయువు ఎక్కడినుంచి వస్తుంది, కాలంతోపాటు ఎలా మారుతుంది, చివరికి ఏమవుతుంది అన్న ప్రశ్నలకు జవాబు వెతుకుతూ మహామహులు కథను చివరినుంచి మొదటికి చదివారు. దాన్ని సరైన దిశలో తిప్పుకోవడానికి 1956 వరకూ ఆగవలసి వచ్చింది. ఆ తిప్పుకోవడమే ఈ వ్యాసానికి వస్తువు.

ముందుగా పేరు సంగతి. ఆరిపోయే చుక్క చుట్టూ మెరిసే వాయుగోళాన్ని ఆంగ్లంలో ప్లానెటరీ నెబ్యులా అంటారు. గ్రహాలతో దీనికి ఏ సంబంధమూ లేదు. మక్కికి మక్కి "గ్రహ నీహారిక" అంటే పరభాషలోని పొరపాటును మన భాషలోకి కూడా దిగుమతి చేసుకున్నట్లవుతుంది. అందువల్ల నేను "గ్రహరూప నీహారిక" అని వాడుతున్నాను. చూపుకు గ్రహంలా ఉంటుందన్నంత మేరకే ఈ మాట హామీ ఇస్తుంది. ఇంతకన్నా మంచి మాట ఎవరికైనా తడితే సంతోషంగా స్వీకరిస్తాను.

పేరు పెట్టిన వేళ

1764 జులై 12న ఫ్రెంచి ఖగోళజ్ఞుడు చార్లెస్ మెస్యే తోకచుక్కల కోసం వెతుకుతూ ఒక మసక మచ్చను చూశాడు. తోకచుక్క కానివాటి జాబితాలో అది 27వదిగా చేరింది. గ్రహరూప నీహారికల్లో మనిషి కంటబడిన మొదటిది అదే. 1779లో అభిజిత్ నక్షత్రానికి సమీపంలో ఒక చిన్న ఉంగరం వంటి మచ్చ దొరికింది. దాన్ని చూసిన దార్కియే, గురుగ్రహమంత ఉందనీ, వెలుగు తగ్గిపోతున్న గ్రహంలా ఉందనీ వర్ణించాడు. నేడు దాన్ని ఉంగరపు నీహారిక అంటున్నాం.

1781లో యురేనస్ గ్రహాన్ని కనుగొని విలియం హెర్షెల్ ప్రఖ్యాతుడయ్యాడు. మరుసటి సంవత్సరం ఆయన దుర్భిణిలో నీలిపచ్చని గుండ్రటి మచ్చ ఒకటి కనబడింది. తాను కనుగొన్న గ్రహం బింబమూ ఇంచుమించు అలాగే ఉంటుంది. పోలిక స్ఫురించడం సహజం. 1785లో ఆయన ఇలాంటివాటిని ఒక వర్గంగా చేసి గ్రహాల పేరు తగిలించాడు. ఇవి గ్రహాలు కావని ఆయనకు తెలుసు. ఏమిటో మాత్రం తెలియదు.

అప్పటికి హెర్షెల్ నమ్మకం ఏమిటంటే, మసకగా కనిపించే ప్రతి నీహారికా దూరంగా ఉన్న చుక్కల గుంపేననీ, దుర్భిణి పెద్దదైతే చుక్కలు విడివిడిగా కనిపిస్తాయనీ. 1790 నవంబరు 13 రాత్రి ఆ నమ్మకానికి దెబ్బ తగిలింది. వృషభరాశిలో ఒక చుక్క, దాని చుట్టూ సరిగ్గా గుండ్రంగా పలుచని వెలుగు. వెలుగు మధ్యలో చుక్క ఎంత స్పష్టంగా ఉందంటే, రెండింటికీ సంబంధం లేదనడానికి వీల్లేదు. చుట్టూ ఉన్నది కూడా చుక్కల గుంపే అయితే, ఆ చుక్కలు మధ్యనున్నదానికంటే ఊహకందనంత చిన్నవి కావాలి, లేదా మధ్యనున్నది ఊహకందనంత పెద్దది కావాలి. రెండూ పొసగవు. కనుక అది మెరిసే ద్రవం వంటి పదార్థమేదో అయి ఉండాలని ఆయన తేల్చాడు. కేవలం కళ్ళతో చూసి, తర్కంతో ఇంతవరకూ రావడం సామాన్యమైన సంగతి కాదు. అదే నీహారికను, ఎన్జీసీ 1514ను, 2025లో జేమ్స్ వెబ్ దుర్భిణి పరారుణ కాంతిలో చిత్రించి దాని చుట్టూ ధూళితో కూడిన రెండు వలయాలను వివరంగా చూపించింది.

ఇక్కడే కథ తలకిందులైంది. మెరిసే పదార్థం, దాని నడుమ చుక్క. ఏది ముందు, ఏది వెనుక? హెర్షెల్‌కు తోచిన జవాబు, పదార్థం క్రమంగా దగ్గరపడి నడుమ చుక్కగా పేరుకుంటోందని. ఆకాశాన్ని ఆయన ఒక తోటతో పోల్చాడు. తోటలో మొలకా, మొక్కా, పూచిన చెట్టూ, ఎండిన మానూ ఒకేసారి కనిపిస్తాయి కనుక ఒక చెట్టు జీవితమంతా కనిపెట్టుకుని కూర్చోనక్కరలేదు, వేర్వేరు చెట్లను వరుసలో పేర్చితే చాలు. అద్భుతమైన ఆలోచన. నేటికీ ఖగోళశాస్త్రం నడుస్తున్నది దీని మీదే. అయితే ఇందులో ఒక ఇబ్బంది ఉంది. తోటలో మొలక ఏదో, మోడు ఏదో మనకు ముందే తెలుసు. ఆకాశంలో ఆ సంగతి చెప్పేవారెవరు? వరుస పేర్చవచ్చు. ఏ కొసనుంచి చదవాలో వరుస చెప్పదు. హెర్షెల్ వంటివాడు మోడును మొలక అనుకున్నాడు. తరువాతి నూట అరవై ఏళ్ళు చాలామంది అలాగే అనుకున్నారు.

పచ్చగీత

1845లో ఐర్లండులో రాస్ ప్రభువు నిర్మించిన ఆరడుగుల అద్దంతో కొన్ని నీహారికలు చుక్కలుగా విడివడినట్లు అనిపించింది. మెరిసే వాయువు అన్న ఊహ వెనకబడింది. ఆ వాదానికి ముగింపు పలికినది దుర్భిణి పరిమాణం కాదు, గాజు పట్టకం. విలియం హగ్గిన్స్ లండన్ శివారులో బట్టల వ్యాపారం అమ్మేసి, ఇంట్లోనే వేధశాల కట్టుకున్న మనిషి. 1864 ఆగస్టు 29 రాత్రి ఆయన తన వర్ణపటదర్శినిని డ్రాకో మండలంలోని ఒక గ్రహరూప నీహారిక వైపు తిప్పాడు. నేడు పిల్లికన్ను నీహారిక అంటున్నది అదే. చుక్కల గుంపు అయితే ఇంద్రధనుస్సు వంటి పట్టీ కనిపించాలి. అందుకు బదులు ఒక ప్రకాశవంతమైన గీత కనిపించింది. పట్టకం సరిగా లేదేమోనని మొదట సందేహించాననీ, తరువాతనే నిజం స్ఫురించిందనీ ఆయన ముసలితనంలో రాసుకున్నాడు. పలుచని వాయువు వేడెక్కితేనే విడివిడి గీతలు వస్తాయి. నీహారిక వాయువే.

గీతల్లో ఒకటి ఉదజనిది. అన్నిటికన్నా ప్రకాశవంతమైన పచ్చగీత జంట మాత్రం భూమి మీద తెలిసిన ఏ మూలకానికీ సరిపోలేదు. కొత్త మూలకం ఏదో ఉందన్నారు. నీహారికలో దొరికింది కనుక నెబ్యులియం అన్నారు.

ఇలా అనడానికి వారికి ధైర్యం ఎక్కడినుంచి వచ్చిందో ఆలోచిస్తే మన ఊళ్ళు జ్ఞాపకం వస్తాయి. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం. ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్ గుంటూరులో, మద్రాసు వేధశాల అధిపతి నార్మన్ పాగ్సన్ మచిలీపట్నంలో వర్ణపటదర్శినులు సిద్ధం చేసుకుని నిలబడ్డారు. సూర్యుడి అంచున ఎగసే జ్వాలల్లో ఒక పసుపు గీత కనిపించింది. సోడియం గీతకు చాలా దగ్గర, కాని సరిగ్గా అదే చోట కాదు. ఆ ఏడాదే ఇంగ్లండులో లాకియర్ కూడా దాన్ని పరిశీలించాడు. అది కొత్త మూలకానిదన్నారు, హీలియం అన్నారు. 1895లో రామ్సే ఒక ఖనిజంలోంచి హీలియాన్ని బయటికి తీసి చూపించాడు. ఆకాశంలో ముందు దొరికిన మూలకం భూమ్మీద తరువాత దొరికింది కదా, నెబ్యులియం కూడా ఏదో ఒకనాడు దొరకదా అని ఎదురుచూశారు.

దొరకలేదు. దొరికే అవకాశం కూడా క్రమంగా మూసుకుపోయింది. 1913లో మోజ్లీ పరమాణు సంఖ్యల లెక్క తేల్చిన తరువాత, తేలిక మూలకాల వరుసలో ఖాళీ కుర్చీ ఒక్కటీ మిగలలేదు. నెబ్యులియం కూర్చోవడానికి చోటు లేదు.

ముడి విప్పినవాడు కాలిఫోర్నియాలోని ఐరా బోవెన్. 1927లో ఆయన చూపించిన దాని ప్రకారం ఆ పచ్చగీతలు మనం రోజూ పీల్చే ఆమ్లజనివే, రెండు ఎలక్ట్రాన్లను పోగొట్టుకున్న ఆమ్లజనివి. మరి ప్రయోగశాలలో ఎందుకు కనిపించవు? ఈ గీతను వెలువరించే స్థితికి చేరిన పరమాణువు, ఎవరూ కదిలించకుండా ఉంటే సగటున అర నిమిషం పైచిలుకు ఆగి కాంతిని విడుస్తుంది. పరమాణు ప్రపంచంలో అర నిమిషమంటే ఒక యుగం. మనం గాలి తీసేశామనుకున్న గాజుగొట్టంలో కూడా ఆలోగా లెక్కలేనన్ని పరమాణువులు వచ్చి ఢీకొని ఆ శక్తిని లాగేసుకుంటాయి. గ్రహరూప నీహారికలో ఘన సెంటీమీటరుకు ఉండేవి కొన్ని వేల కణాలు. మన చుట్టూ ఉన్న గాలిలో అదే ఘన సెంటీమీటరుకు రెండు లక్షల కోటి కోట్లకు పైగా, అంటే 2 పక్కన 19 సున్నాలంత, అణువులు ఉంటాయి. నీహారికలో పరమాణువుకు ఏకాంతం దొరుకుతుంది. ఆ ఏకాంతమే పచ్చగా మెరుస్తుంది. భౌతికశాస్త్రం వీటికి "నిషిద్ధ రేఖలు" అని పేరు పెట్టింది. నిషేధం గట్టిది కాదు, ఓపిక ఉన్నవారికి సడలింపు ఉంది.

దాదాపు అదే కాలంలో హెర్మన్ జాన్‌స్ట్రా మరో సంగతి చెప్పాడు. నడుమనున్న చుక్క కంటికి కనిపించే వెలుగు కొద్దిగానూ, అతినీలలోహిత కాంతి ఎక్కువగానూ వెదజల్లుతుంది. వాయువు దాన్ని మింగి కంటికి కనిపించే కాంతిగా మార్చి విడుస్తుంది. కనుక వాయువు వెలుగును కొలిస్తే చుక్క వేడిమి తెలుస్తుంది. వాయువు చుక్కకు ఉష్ణమాపకం. ఈ సంగతి గుర్తుంచుకోవాలి, వ్యాసం చివర దీనితో పని ఉంది.

దిశ మారడం

హార్వర్డు వర్గీకరణలో గ్రహరూప నీహారికలకు వేరే అక్షరం ఇచ్చారు. మిక్కిలి వేడిగా ఉండే నీలి చుక్కలే పసివి అన్న నమ్మకం అప్పట్లో బలంగా ఉండేది. నీహారికల నడుమ చుక్కలు అన్నిటికన్నా వేడివి. కనుక అవి పుట్టబోయే నీలి చుక్కలన్నమాట. వరుస చక్కగా కుదిరింది. ఒక్కటే చిక్కు. కొలిచి చూస్తే ఈ నీహారికలు ఆకాశంలో పరుగెత్తే వేగాలు పసి నీలి చుక్కల మందకొడి వేగాలను పోలి లేవు, ముసలి చుక్కల వేగాలను పోలి ఉన్నాయి. తాతగారి నడకతో ఉన్నవాడిని ఎవరూ పసివాడని పిలవరు. కాని సిద్ధాంతం బలంగా ఉన్నప్పుడు సాక్ష్యం గుమ్మం బయటే నిలబడవలసి వస్తుంది.

రెండో సాక్ష్యం 1918లో వచ్చింది. లిక్ వేధశాలలో క్యాంప్‌బెల్, మూర్ అనే ఇద్దరు పదుల కొద్దీ నీహారికల వర్ణపటాలు తీశారు. చాలావాటిలో గీతలు నడుమ రెండుగా చీలి ఉన్నాయి. గోళాకారపు పొర ఉబ్బుతుంటే మన వైపు వచ్చే గోడ నుంచి ఒక గీత, అవతలికి పోయే గోడ నుంచి మరొక గీత వస్తాయి. ఈ వివరణ వెంటనే స్థిరపడలేదు. 1930ల ఆరంభానికి వచ్చేసరికి వాయువు బయటికే పోతోందన్నది బలపడింది. వేగం సెకనుకు సుమారు 20 నుంచి 25 కిలోమీటర్లు.

ఇక్కడ ఒక చిన్న లెక్క వేద్దాం. కాంతి సెకనుకు 3,00,000 కిలోమీటర్లు పోతుంది. సెకనుకు 25 కిలోమీటర్లు పోయే వాయువు దానికంటే 12,000 రెట్లు నెమ్మది. కనుక ఒక కాంతి సంవత్సరం దూరం పోవడానికి దానికి 12,000 ఏళ్ళు పడుతుంది. చాలా నీహారికల వ్యాసార్ధం కాంతి సంవత్సరంలో కొంత భాగమే. అంటే వీటి వయసు కొన్ని వేల ఏళ్ళు. సూర్యుడి వయసు 460 కోట్ల ఏళ్ళ పక్కన ఇది కనురెప్ప పాటు. మరికొన్ని వేల ఏళ్ళకు వాయువు ఎంత పలుచబడుతుందంటే, ఇక కనిపించదు. కనుక ఇది చుక్క జీవితంలో ఒక దశ అయితే అతి చిన్న దశ. పైగా పదార్థం లోపలికి చేరడం లేదు, బయటికి పోతోంది. పేరుకోవడం కాదు, విడిచిపెట్టడం.

1956లో సోవియట్ శాస్త్రవేత్త ఇయోసిఫ్ ష్క్లోవ్‌స్కీ ఈ ముక్కలన్నీ కలిపి బాణాన్ని తిప్పాడు. నీహారికను వెనక్కి నడిపిస్తే వాయువంతా ఒక పెద్ద, పలుచని చుక్క పైపొరగా మారుతుంది. అలాంటివి అరుణ మహాతారలు. ముందుకు నడిపిస్తే వాయువు చెదిరిపోయి, వేడి బొడిపె ఒకటి మిగులుతుంది. అలాంటివి శ్వేత కుబ్జాలు, చంద్రశేఖర్ 1930లలో లెక్క కట్టిన ఆ సాంద్రమైన అవశేషాలు. కనుక అరుణ మహాతారకూ శ్వేత కుబ్జానికీ నడుమ వంతెన గ్రహరూప నీహారిక. అదే ఏడాది ఆర్మిన్ డాయిచ్ అనే ఖగోళజ్ఞుడు ఒక అరుణ మహాతార నుంచి వాయువు నిజంగానే బయటికి పారుతోందని చూపించాడు. 1966లో ఏబెల్, గోల్డ్‌రైక్ ఇద్దరూ వాదాన్ని మరింత పటిష్ఠం చేశారు.

హెర్షెల్ పేర్చిన వరుసలో ముక్కలు తప్పు కావు. చదవవలసిన దిశే తప్పు.

రఘునాథాచారి చూసిన చుక్క

విడిచిపెట్టడం ఒక్క ఊపులో జరిగే పని కాదని తరువాత తేలింది. అరుణ మహాతార దశ చివర్లో చుక్క నెమ్మదిగా ఉబ్బుతూ తగ్గుతూ ఉంటుంది. ఒక్కో ఊపిరికి ఇంచుమించు ఏడాది పడుతుంది. 1596లో ఫాబ్రీసియస్ చూసిన మైరా ఈ జాతికి పేరిచ్చింది. దాని ఆవర్తనం దాదాపు 332 రోజులు. ప్రతి ఊపుకూ పైపొర కొంత ఎత్తుకు లేస్తుంది, చల్లబడుతుంది, అందులో ధూళి రేణువులు గడ్డకడతాయి, చుక్క కాంతి ఆ రేణువులను బయటికి నెడుతుంది, రేణువులు వాయువును తమతో లాక్కుపోతాయి. 2007లో ఒక అతినీలలోహిత దుర్భిణి మైరా వెనుక 13 కాంతి సంవత్సరాల పొడవైన తోకను కనిపెట్టింది. గత 30,000 ఏళ్ళుగా మైరా విడిచిన పదార్థం అది.

దక్షిణాకాశంలో ఆర్ రెటిక్యులై అనే చుక్క ఉంది. దాని వెలుగు మారుతోందని 1867లో కనుగొన్నవాడు మద్రాసు వేధశాలలో పాగ్సన్ వద్ద పనిచేసిన చింతామణి రఘునాథాచారి. అది కూడా మైరా జాతి చుక్కే. ఆయన తన కళ్ళతో చూసి నమోదు చేసినది ఒక చుక్క తుది ఊపిరి అని ఆయనకు తెలిసే అవకాశం లేదు. ఆ మాట అనగలిగే శాస్త్రం రావడానికి ఇంకా తొంభై ఏళ్ళు పట్టింది. వెలుగు ఇంత, ఈ రాత్రి ఇంత అని రాసిపెట్టడం వరకే ఆయన పని. ఆ పని ఆయన చేశాడు.

1952లో పాల్ మెరిల్ కొన్ని అరుణ మహాతారల్లో టెక్నీషియం గీతలు గుర్తించాడు. ఈ మూలకం నిలకడైనది కాదు, కొన్ని లక్షల ఏళ్ళలో, మహా అయితే కొన్ని పదుల లక్షల ఏళ్ళలో, నశిస్తుంది. చుక్క పుట్టుకతో తెచ్చుకున్నది అయ్యుంటే ఎప్పుడో మాయమై ఉండాలి. కనుక అది ఆ చుక్క కడుపులోనే ఈ మధ్య తయారైంది. కర్బనమూ, మరికొన్ని బరువు మూలకాలూ అలాగే లోపల తయారై, పైకి తేలి, వాయువుతోపాటు బయటికి పోతాయి.

1978లో సన్ క్వోక్, పర్టన్, ఫిట్జెరాల్డ్ మరొక ముఖ్యమైన ముక్క చేర్చారు. మొదట సెకనుకు 10, 15 కిలోమీటర్ల వేగంతో నెమ్మదిగా పోయిన గాలి వెనుక, చుక్క లోపలి భాగం బయటపడ్డాక, సెకనుకు వెయ్యి కిలోమీటర్లకు పైబడిన వేగంతో పలుచని గాలి బయలుదేరుతుంది. వెనుకది ముందుదాన్ని మంచు తోసే పారలా తోసుకుంటూ పోతుంది. ఉంగరంలా కనిపించే ప్రకాశవంతమైన గోడ అలా ఏర్పడుతుంది. ఆ వేగవంతమైన గాలి నిజంగానే ఉందని అదే ఏడాది ఎగిరిన అతినీలలోహిత ఉపగ్రహం ద్వారా రుజువైంది.

సరైన వరుసలో

ఇప్పుడు కథను సరైన దిశలో ఒకసారి చెప్పుకుందాం. చుక్క ఉపరితలం సుమారు 3,000 డిగ్రీలు ఉన్నప్పుడు చుట్టూ ఉన్న వాయువు చల్లనిది. అందులో అణువులు, ధూళి. సింహరాశిలో ఒక కర్బన తార చుట్టూ డజన్ల కొద్దీ రకాల అణువులు లెక్కించారు. చుక్క తన పైపొర దాదాపు అంతా పోగొట్టుకున్నాక, లోపలి వేడి గుండె బయటపడటం మొదలవుతుంది. కొంతకాలం వాయువు తనంతట మెరవదు, చుక్క కాంతిని ధూళి పరావర్తనం చేస్తుంది, అంతే. ఉపరితలం 25,000 డిగ్రీలకు చేరేసరికి అతినీలలోహిత కాంతి ఉదజని ఎలక్ట్రాన్లను ఊడగొడుతుంది. నీహారిక వెలుగుతుంది. వేడి పెరిగేకొద్దీ ఆమ్లజని రెండో ఎలక్ట్రాన్ కూడా పోతుంది, పచ్చగీత బలపడుతుంది. లక్ష డిగ్రీలు దాటితే హీలియం తన రెండు ఎలక్ట్రాన్లనూ వదులుకుంటుంది. తరువాత చుక్కలో ఇంధనం అడుగంటుతుంది, వెలుగు చప్పున పడిపోతుంది. వాయువులో కొంత తిరిగి ఎలక్ట్రాన్లను పట్టుకుని మసకబారుతుంది. మిగిలినది పలుచబడుతూ, పది ఇరవై వేల ఏళ్ళలో, చుక్కల నడుమ ఉండే వాయువులో కలిసిపోతుంది.

ఇదంతా వేర్వేరు నీహారికలను వరుసగా పేర్చి చెప్పిన కథే. తోటలో చెట్లను పేర్చిన పద్ధతే. ఒకే చెట్టు ఎదగడం ఎవరైనా చూశారా?

చూశారు. దక్షిణాకాశంలో ఎస్.ఏ.ఓ. 244567 అనే చుక్క ఉంది. 1971లో తీసిన వర్ణపటంలో అది సుమారు 21,000 డిగ్రీల నీలి చుక్క, చుట్టూ నీహారిక గుర్తులు లేవు. బెంగుళూరులోని భారతీయ ఖగోళ భౌతిక సంస్థకు చెందిన ఎం. పార్థసారథి, ఆయన సహచరులు ఈ చుక్కను తిరిగి పరిశీలించి, నిషిద్ధ రేఖలు వచ్చేశాయనీ, కొన్ని దశాబ్దాల వ్యవధిలోనే అది గ్రహరూప నీహారికగా మారిందనీ 1990ల ఆరంభంలో ప్రకటించారు. హబుల్ దుర్భిణి తీసిన చిత్రాలతో కలిపి బొబ్రౌస్కీ, కైలాస్ సాహు, పార్థసారథి, గార్సియా లారియో 1998లో నేచర్ పత్రికలో రాశారు. నీహారిక పుట్టుకను మనిషి తన జీవితకాలంలో చూడటం అది మొదలు. దానికి స్టింగ్‌రే నీహారిక అని పేరు వచ్చింది.

తరువాత జరిగింది ఇంకా విచిత్రం. నికోల్ రైండల్ బృందం లెక్క ప్రకారం 2002 నాటికి ఆ చుక్క 60,000 డిగ్రీలకు ఎగబాకి, అక్కడినుంచి దిగడం మొదలుపెట్టి 2015కు 50,000 డిగ్రీలకు వచ్చింది. 1996, 2016 సంవత్సరాల హబుల్ చిత్రాలు పక్కపక్కన పెట్టి చూస్తే, ఆ ఇరవై ఏళ్ళలో ఆమ్లజని పచ్చకాంతి దాదాపు వెయ్యో వంతుకు పడిపోయింది. చుక్క చల్లబడేసరికి వాయువు తిరిగి ఎలక్ట్రాన్లను పట్టుకుంటోంది. జాన్‌స్ట్రా చెప్పిన ఉష్ణమాపకం మన కళ్ళముందే దిగింది.

స్టింగ్‌రే తొందరపాటు మనిషి. నిదానస్తుడి కథ మరొకటి ఉంది. ఒరాయన్ కింద లెపస్ మండలంలో ఐసీ 418 అనే నీహారికను 1891లో హార్వర్డు ఫలకాలమీద విలియమీనా ఫ్లెమింగ్ గుర్తించింది. 1893 నుంచి ఎవరో ఒకరు దాని గీతల ప్రకాశాన్ని నమోదు చేస్తూనే వచ్చారు. మొదట కంటి అంచనాలు, తరువాత ఛాయాచిత్ర ఫలకాలు, ఆపైన ఎలక్ట్రానిక్ సాధనాలు. 2025లో జైల్‌స్ట్రా, పార్కర్ అనే ఇద్దరు ఆ 130 ఏళ్ళ కొలతలను ఒక్కచోటికి చేర్చి, పాత పరికరాల తేడాలు సరిచేసి చూశారు. పచ్చగీత రెండున్నర రెట్లు బలపడింది. చుక్క సుమారు 3,000 డిగ్రీలు వేడెక్కింది. నలభై ఏళ్ళకు వెయ్యి డిగ్రీల చొప్పున, నిలకడగా, సిద్ధాంతం చెప్పిన దిశలోనే.

ఏమి మిగులుతుంది

సూర్యుడికి ఈ గతి పట్టడానికి ఇంకా 500 కోట్ల ఏళ్ళు ఉంది. అప్పుడు అది తన పదార్థంలో దాదాపు సగం ఇలా విడిచిపెడుతుంది. అందులో ఏమేమి ఉంటాయో తెలుసుకునే పని ఈ శతాబ్దంలో ముమ్మరమైంది. 2010లో ఒక గ్రహరూప నీహారికలో అరవై కర్బన పరమాణువుల బంతులు దొరికాయి. 2019లో మరొక దానిలో హీలియమూ ఉదజనీ కలిసిన అయాను దొరికింది. విశ్వం మొదట్లో ఏర్పడిన తొలి అణుబంధం అదేనని సిద్ధాంతం ఎప్పటినుంచో చెబుతోంది. మన ఒంట్లోని కర్బనంలోనూ నత్రజనిలోనూ పెద్దపాలు ఇలాంటి మామూలు చుక్కలు నెమ్మదిగా విడిచిన గాలినుంచి వచ్చినదే. పేలిపోయిన చుక్కలకే ఆ ఘనతంతా కట్టబెట్టడం అన్యాయమని నా అభిప్రాయం.

ఈ చరిత్ర చదివినకొద్దీ నన్ను ఆలోచింపజేసినది మాత్రం మరొకటి. కథ దిశ తిరగడానికి ఒక గొప్ప ఊహ చాలలేదు. వేగాల పట్టికలు కావలసి వచ్చాయి, చీలిన గీతల ఫలకాలు కావలసి వచ్చాయి. 1893లో కొలిచినవాడికి 2025లో ఎవరు చదువుతారో తెలియదు. రఘునాథాచారికి తాను చూసినది దేని గుర్తో తెలియదు. 1971లో ఎవరో ఒక మామూలు నీలి చుక్క వర్ణపటం తీసి తేదీ వేసి దాచకపోతే, స్టింగ్‌రే పుట్టిందన్న సంగతి పార్థసారథికి తెలిసే వీలే లేదు. వారిలో కొందరి వివరణలు తప్పిపోయాయి. వారి కొలతలు తప్పిపోలేదు. అర్థం తెలియకపోయినా తేదీతో సహా జాగ్రత్తగా రాసిపెట్టినది, అర్థం తెలిసిన రోజున పనికొచ్చింది.

వేసవి రాత్రుల్లో అభిజిత్ నడినెత్తికి వచ్చినప్పుడు, చిన్న దుర్భిణి ఉన్నవారు దాని దాపున ఉంగరపు నీహారికను వెతికి చూడండి. బూడిదరంగు పొగచుట్టలా, బఠాణీ గింజ కంటే చిన్నదిగా కనిపిస్తుంది. చూసిన తేదీ, వేళ, కనిపించిన తీరు ఒక పుస్తకంలో రాసిపెట్టుకోండి.